ఓవిడ్ మహాకవి ఏమి చూచెను?

క్రీస్తుశకము 8వ సంవత్సరమున రోము చక్రవర్తి అగస్టస్, లాటిను మహాకవియగు ఓవిడ్‌ను నల్లసముద్రతీరమునందలి టోమిస్ పట్టణమునకు వెడలనడచెను. ఇందులకు కారణములు రెండనియు, అందొకటి తన కావ్యమనియు, రెండవది తెలియక చేసిన పొరపాటనియు, చూడరానిదానిని తన కన్నులు చూచుటయే తన నేరమనియు, అంతకుమించి చెప్పినచో ప్రభువు గాయమును మరల రేపినట్లగుననియు వ్రాసికొని కవి మిన్నకుండెను. కావ్యము, వలపు మెలకువలు నేర్పు ‘ఆర్స్ అమటోరియా’ యని యెల్లరు నెఱుగుదురు. పొరపాటేదో కవి చెప్పలేదు. దండించిన ప్రభువు చెప్పలేదు. నాటి చరిత్రకారుడొక్కడును చెప్పలేదు. తెలిసినవారందఱు నిట్లు మౌనము వహించుటచే, తెలియనివారు చెప్పవలసివచ్చినది.

ఆ భారమును పండితులు మోసిన తీరు ప్రశంసాపాత్రము. జాన్ థిబోల్ట్ అను పరిశోధకుడు ఈ పొరపాటును గూర్చిన యూహలను నూటికి పైగా ప్రోగుచేసి, అందేదియు పూర్తిగా నిలువదని తేల్చి, 1964లో గ్రంథము ప్రకటించెను. దానితో నీ పరిశ్రమ యాగునని తలచినవారు పండితహృదయ మెఱుగనివారు. చక్రవర్తి మనుమరాలు జూలియా వ్యభిచార దోషమున అదే యేట దేశాంతరగతురాలయ్యెను గనుక కవికి నామెతో పొత్తు కలదని కొందఱును, చక్రవర్తి మనుమడు అగ్రిప్పా పోస్టుమస్ పక్షమువారి కుట్రను కన్నాడని కొందఱును, స్త్రీలు రహస్యముగా జరుపు వ్రతమునకు చొరబడెనని కొందఱును, రాణి లివియా స్నానమాడుచుండగా చూచెనని మఱికొందఱును సిద్ధాంతములు చేసిరి. అప్పటికి లివియాకు అఱువదియేండ్లు దాటినవన్న సంగతి వారి కడ్డురాలేదు. ఈ కడపటి యూహకు ఆధారమేమందురా? డయానా దేవిని నగ్నముగా జూచి నశించిన ఆక్టియాన్‌తో కవి తన్ను పోల్చికొనుటయే. ముఖము చంద్రబింబమన్న పద్యమును బట్టి నాయిక చెక్కిట మచ్చ కలదని సాధించునట్టి విమర్శ యిది. ఆక్టియాన్‌ను వాని వేటకుక్కలే చీల్చి చంపినవి గదా! ఓవిడ్ పెంచిన కుక్కలను గూర్చి యింకను సిద్ధాంతవ్యాసము వెలువడకుండుట పరిశోధనాలోకమునకు తీరని లోటు.

కవి యేమి చూచెనను ప్రశ్న విసుగు పుట్టించినపుడు, అసలాయన టోమిసునైనను చూచెనా యను ప్రశ్న పుట్టినది. కవి రోమునే విడువలేదనియు, ప్రవాసమంతయు కావ్యకల్పనమనియు 1985లో ఫిట్టన్ బ్రౌన్ అను పండితుడు వాదించెను. టోమిసులో మధువు గడ్డకట్టి కడవ యాకారముతో నిలుచునని కవి చెప్పెను. ఆ స్థలమో నేటి రుమేనియాలోని కాన్‌స్టాంట్సా, వేసవిలో జనులు సముద్రస్నానమునకు పోవు రేవుపట్టణము. కావున కవి చలిలో లేడట! అతిశయోక్తి యనునది యలంకారమే గాని దొంగసాక్ష్యము కాదని వీరికెవరు చెప్పగలరు? ప్లినీయు, స్టేషియసును కవి ప్రవాసమును స్మరించిరన్నచో, పాపము, వారును ఆ కల్పనకు లోబడిరని సమాధానము సిద్ధము. ఇక రోము నగరసభ 2017 డిసెంబరులో, కవి మరణించి రెండువేల యేండ్లైన సందర్భమున, ఆ దండనను రద్దుచేయు తీర్మానమును అంగీకరించినది. పోనివానికి ప్రవాసమును, తెలియని నేరమునకు క్షమాపణయు లభించుట న్యాయశాస్త్రమున క్రొత్త యధ్యాయము.

రాజసభలోని పక్షములను, నాటి ధర్మశాసనములను శోధించుట నిందార్హము కాదు. కవికి ఆస్తిని, పౌరసత్వమును పోగొట్టని తక్కువ శిక్షయే పడినదన్న సంగతి అట్టి శోధనవలన స్పష్టమైనది. నింద్యమైన దొక్కటే: మొదటి పుటలో ‘కావచ్చును’ అన్నమాట పదవపుటలో ‘బహుశః’ యై, ముప్పదవపుటలో ‘నిస్సందేహముగా’ యై, తరువాతి పండితుని గ్రంథములో అధోజ్ఞాపికయై ప్రమాణపీఠ మెక్కుట. ఊహకు ఊహయే సాక్షి. సాక్షికి సాక్షి మఱియొక యూహ.

ఈ సందడిలో, ప్రవాసమున కవి పంపిన ‘ట్రిస్టియా’ అయిదు సంపుటములును, ‘పాంటస్ లేఖలు’ నాలుగును చిరకాలము నీరసరచనలుగా త్రోసివేయబడినవి. తన ప్రతిభ సన్నగిల్లినదని కవి వినయముతో పలికిన పలుకును మాత్రము పండితులు అక్షరాల నమ్మిరి! గత యర్ధశతాబ్దమునుండియే వానిలోని నేర్పును, చక్రవర్తిని స్తుతించుచునే గుచ్చు నైపుణ్యమును శ్రద్ధతో చదువుట యారంభమైనది. అదియే పరిశోధన.

ఓవిడ్ చేసిన పొరపాటేదో మనకు తెలియదు. క్రొత్త సాక్ష్యము దొరకువఱకు తెలియబోదు. ఈ రెండు వాక్యములు వ్రాయుటకు సిగ్గుపడువాడు పండితుడు కాడు.