జీను క్రింది తీగ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యములు

తీగ వదులు చేసి తీసి జీనుఁ బయటఁ
బెట్టి, గాడి చివర బెజ్జ మొకటి
తొలచి, తీగ దోఁపి, దుమ్ము లేశము లేక
యెముక చదును చేసి యిరవు కొలుపు.

టీక: జీను = బ్రిడ్జ్ అనే చెక్కపట్టీలోని గాడిలో నిలబడి ఆరు తీగలను మోసే ఎముక పలక, అనగా శాడిల్. వీణలో తీగలను మోసే భాగానికి గుర్రమని పేరున్నది కనుక, దాని మీద జీను వేసిన ఘనత గిటారువారికే దక్కుతుంది. మొదటి పాదంలోని తీగ జాత్యేకవచనమై ఆరింటినీ తెలుపగా, మూడవ పాదంలోని తీగ, కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే సన్నని పికప్‌ను తెలుపుతున్నందున పునరుక్తి దోషం లేదు.

తాత్పర్యం: అకూస్టిక్ గిటారు తీగలు సడలించి, శాడిల్‌ను ఊడదీసి, గాడి కొసన లోపలి బద్దెలకు తగలకుండా కొంచెం వాలుగా రంధ్రం చేసి, పికప్‌ను కిందినుంచి పైకి తెచ్చి గాడిలో పరచి, దానిపై శాడిల్‌ను మళ్లీ నిలపాలని భావం.

విశేషాలు: ఈ పికప్ పీజో జాతికి చెందినది, అంటే ఒత్తిడి పడితే విద్యుత్తు పుట్టించేది; కొన్ని స్ఫటికాలకు ఈ గుణమున్నదని 1880లో ఫ్రాన్సుకు చెందిన జాక్, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఒత్తిడే దీని ఆహారం కనుక కవి 'లేశము' అన్నాడు; గాడిలో మిగిలిన చిన్న రంపపు పొట్టు సైతం తీగల మధ్య పంక్తిభేదం కల్పించి, ఒకదాన్ని అరిపించి మరొకదాన్ని మూగదాన్ని చేస్తుంది.

పద్యానికి ప్రాణం 'చదును' అనే పదం. 'నునుపు' అన్నా గణం చెడదు, కాని అర్థం చెడుతుంది. గాజుపలకపై గరుకు కాగితం పరచి ఎముక అడుగును రుద్దేటప్పుడు చేయి అటూ ఇటూ ఒరిగితే, అడుగు నున్నగానే ఉంటుంది గాని కొసలు గుండ్రబడి, ఒకటవ, ఆరవ తీగలు నీరసిస్తాయి. పికప్ మందమెంతో అంత మేరకు ఎముకను అరగదీయకపోతే తీగలు ఎత్తై, వాయించేవాడి వేళ్లకు శిక్ష పడుతుంది. 'ఇరవు కొలుపు' అన్నాడే గాని దిగగొట్టమనలేదు. బిగుసుకున్న శాడిల్ ఒత్తిడిని కిందికి పోనివ్వదు, మరీ వదులైతే ముందుకు వాలుతుంది.

అయితే కేబుల్ దోపే జాక్ సంగతి కవి విడిచాడు. వాద్యపు అడుగు కొసన, బెల్టు తగిలించే గుబ్బ చోట, సుమారు 12 మిల్లీమీటర్ల రంధ్రాన్ని, లోపలి దిమ్మ చీలకుండా, రీమర్‌తో కొద్దికొద్దిగా వెడల్పు చేయడమే అసలు భయపెట్టే పని. నాలుగు పాదాల్లో చోటు చాలలేదనే సమర్థన చెల్లదు; మరో ఆటవెలది రాయవలసింది.

మూడవ తీగ ఒకటున్నది, అది కేబుల్. సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ ఉన్న పికప్‌లలో సాధారణంగా కేబుల్‌ను జాక్‌లో దోపగానే 9 వోల్టుల బ్యాటరీ పనిచేయడం మొదలై, తీసేదాకా ఖర్చవుతూనే ఉంటుంది గనుక, కచేరీ ముగియగానే కేబుల్‌ను ఊడదీయవలసిందిగా పాఠకులకు మనవి.