కండక్టర్ చేతి పంచ్‌ని నేను

నాకున్నది ఒక్కటే పన్ను. అది కూడా మనిషి పిడికిలి బిగిస్తేనే కదులుతుంది. ఆ ఒక్క పంటితోనే వరంగల్-ఖమ్మం రోడ్డు మీద తిరిగే బస్సుల్లో ఏళ్ల తరబడి టికెట్లు కొరికాను. ఆర్టీసీ కండక్టర్ చేతిలో టకటకలాడే పంచ్‌ని నేను. మా ఊరు తొర్రూరు. నేను పనిలో ఉన్నప్పుడు అది వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు చేసినప్పుడు మహబూబాబాద్ జిల్లాలో కలిసింది. బస్సెక్కేవాళ్లకు మాత్రం ఇప్పటికీ పెద్ద దవాఖానన్నా, పెద్ద మార్కెట్ అన్నా వరంగలే.

రెండు ఉక్కు పిడులు, నడుమ ఒక స్ప్రింగు, పైదవడకు పన్ను, కిందిదవడకు ఆ పన్ను సరిగ్గా దూరేంత చిల్లు. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. నేను చేరిన కొలువుది మాత్రం పెద్ద చరిత్ర. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. 1958 జనవరి 11న అది ఏపీఎస్ఆర్టీసీ అయింది. రైలు పట్టాలు లేని మా తొర్రూరు లాంటి ఊళ్లకు బస్సే దిక్కు. బస్సులో భుజాన సంచి, చేతిలో పంచ్ ఉన్న మనిషే పెద్దదిక్కు.

అప్పటి టికెట్టు పలచటి కాగితం. ఒక్కో ధరకు ఒక్కో రంగు. మీద వరుస నంబరు, అంచుల వెంట చిన్న అక్షరాల్లో స్టేజీల నంబర్లు. ఎక్కిన స్టేజీ ఏదో చూసి మా కండక్టర్ ఆ అంకె మీద నన్ను నొక్కేవాడు. చార్జీకి రెండు మూడు టికెట్లు కలపాల్సి వస్తే ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే కొరుకు. కిక్కిరిసిన బస్సులో, గుంతల్లో ఎగిరిపడుతూ, చీకట్లో కూడా ఆ బియ్యపుగింజంత అంకె మీదనే పన్ను దిగాలి. పక్క అంకె మీద దిగిందా, లెక్క తప్పుతుంది. మా కండక్టర్ బొటనవేలి మొదట్లో కాయ కాసింది నా వల్లనే. ఆ కాయ మీద ఒక్కోసారి తోలు లేచేది. గుడ్డపేలిక చుట్టుకుని మళ్లీ నన్నే పట్టుకునేవాడు.

నా చప్పుడుకు కూడా పని ఉండేది. ఆయన నన్ను పై కమ్మీకి టకటక కొడుతూ నడిచి వస్తే, నిద్రలో ఉన్నవాళ్లు లేచి రొంటిన దోపుకున్న డబ్బులు తీసేవాళ్లు. కిందపడ్డ నా చిల్లుల రంగు చుక్కలను పిల్లలు ఏరి జేబులో పోసుకునేవాళ్లు. దిగేటప్పుడు పెద్దవాళ్లను అడిగి టికెట్లు పోగుచేసే పిల్లలు ప్రతి బస్సులోనూ ఉండేవాళ్లు. నా పంటిగాట్లు ఎన్ని ఇళ్ల పలకల సంచుల్లోకి వెళ్లాయో.

ఒక్క సంగతి మాత్రం ఎంత పాతబడినా మరిచిపోలేను. వరంగల్ పోయే బండి. వర్ధన్నపేట దాటాక చెకింగ్ వాళ్లు ఎక్కారు. తొర్రూరులో ఎక్కిన ఒక ముసలవ్వ, ఎంజీఎం దవాఖానకు పోతోంది. టికెట్ చూపించమంటే సంచంతా వెతికింది. మందుచీటీలు బయటపడ్డాయి, టికెట్ కనపడలేదు. చేతులు వణుకుతున్నాయి. "తీస్కున్న బిడ్డా, నా కొడుకసొంటోడు, ఆ పిల్లగాడే ఇచ్చిండు" అని మా కండక్టర్ వైపు చూపించింది. ఇచ్చిన టికెట్ కనపడకపోతే ఆమెకు జరిమానా. డబ్బు తీసుకుని టికెట్ కొట్టలేదని అనుమానం వస్తే ఈయన ఉద్యోగానికే ముప్పు. చివరికి కొంగు ముడి విప్పితే దొరికింది. చెమటకు నాని ముద్దయింది. రంగు పోయింది, వరుస నంబరు అలికిపోయింది. ఇన్‌స్పెక్టర్ మెల్లగా విప్పదీసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. తొర్రూరు స్టేజీ మీద నా చిల్లు ఉంది. దాంట్లోంచి వెలుతురు కనిపించింది. టికెట్ల లెక్క రాసే ఎస్ఆర్ కాయితంలో మా కండక్టర్ వేసిన అంకెలు కూడా సరిపోయాయి. ఇన్‌స్పెక్టర్ టికెట్‌ను మళ్లీ మడిచి అవ్వ చేతిలోనే పెట్టి, "జాగ్రత్త అవ్వా" అని దిగిపోయాడు. అచ్చు పోయినా నా గాటు పోలేదు. నా బతుక్కు అంతకంటే గొప్ప రోజు లేదు.

చిల్లర లేనప్పుడు ఇవ్వాల్సిన బాకీని మా కండక్టర్ టికెట్ వెనకాల పెన్నుతో రాసేవాడు. "దిగేటప్పుడు అడగుర్రి, మర్సిపోకుర్రి" అని చెప్పి మరీ రాసేవాడు. అయినా మరిచిపోయి దిగి పరుగెత్తేవాళ్లు. కనిపించినంత దూరం ఆయన కిటికీలోంచి పిలిచేవాడు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ప్రత్యేక బస్సులు వేసినప్పుడు నాకు తిండీ నిద్రా ఉండేవి కావు. బెల్లం మూటలు, పిల్లాజెల్లా, నెత్తుల మీద సంచులు, అందరి నడుమ నేను. చిల్లుల చుక్కలు బస్సు అడుగున ముగ్గు పోసినట్టుండేవి.

తర్వాత టికెట్లు కొట్టే టిమ్ అనే యంత్రం వచ్చింది. తెలంగాణ వచ్చేనాటికి చాలా బస్సుల్లో కండక్టర్ల మెడలో అదే వేలాడుతోంది. దాని మీద నాకు కోపం లేదు. స్టేజీ నొక్కితే చార్జీ అదే చెబుతుంది. లెక్క అదే కడుతుంది. మా కండక్టర్ వేలి కాయ మెత్తబడింది, అది నాకు సంతోషమే. కానీ అది ఇచ్చే చీటీలో సిరా ఉండదు. వేడికి నల్లబడే పూత మీద అచ్చు పడుతుంది. ఎండలో పెడితేనో, జేబులో నలిగితేనో కొన్నాళ్లకు తెల్లకాగితం మిగులుతుంది. ఆ అవ్వ కొంగు ముడిలో ఆ చీటీ ఉండి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది.

మా కండక్టర్ నన్ను పారెయ్యలేదు. ఇంటి టేబుల్ సొరుగులో పెట్టుకున్నాడు. 2019లో అక్టోబరు 5 నుంచి 52 రోజులు ఆర్టీసీ సమ్మె సాగినప్పుడు, పొద్దుగాల శిబిరానికి పోయి మధ్యాహ్నం ఇంటికొచ్చి నన్ను చేతిలోకి తీసుకునేవాడు. కొబ్బరినూనె చుక్క వేసి, పాత క్యాలెండర్ కాగితం మీద అంకెలు ఎంచి కొరికించేవాడు. ఏ అంకె చెబితే ఆ అంకె. ఇద్దరికీ చెయ్యి తప్పలేదు.

పదవీ విరమణ అయ్యాక కొడుకు ఉప్పల్ తీసుకుపోయాడు. సామాన్లు సర్దిన రోజు ఆ సొరుగు ఎవరూ తెరవలేదు. ఇల్లు కిరాయికిచ్చారు. వచ్చినవాళ్లు సొరుగులో నన్ను చూసి "ఇదేందో పట్టుకారు" అన్నారు. క్యాలెండర్ తగిలించడానికి నాతో గోడకు మేకులు కొట్టారు. ఉక్కుని ఉక్కుతో కొట్టిన దెబ్బకు పైదవడ వంగింది. గోలీసోడాలో గోలీని నా పంటితో నొక్కారు. బెల్టుకు చిల్లు పొడిచారు. వాన కురిసే కిటికీ గట్టు మీద రాత్రంతా వదిలేశారు. ఒకనాడు స్ప్రింగు ఎగిరిపోయి సజ్జ కింద ఎక్కడో పడింది. ఒక్కళ్లు కూడా వంగి వెతకలేదు. కొలిచి, ఎంచి, ఒక అంకె తప్పకుండా కొరికిన పంటిని సుత్తి చేసుకున్నారు, అదీ నా బాధ. వాళ్లకు సుత్తి లేక కాదు, తలుపు వెనకాలే ఉంది.

చివరికి పాత ఇనుము వాడి బండిలో, విరిగిన కుర్చీ కాలు పక్కన పడ్డాను. ఇప్పుడు తొర్రూరు బస్టాండుకు దగ్గర్లోనే ఒక గోనెసంచిలో ఉన్నాను. రోజంతా బస్సులు వినపడతాయి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. వాళ్లకు జీరో టికెట్ కొడతారు. నా కాలంలో సున్నా చార్జీకి టికెట్టన్నది లేదు. కూలికి పోయే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ఎంతమంది ఎక్కుతున్నారో వాళ్ల మాటలను బట్టే తెలుస్తుంది. ఆ టికెట్ల మీద నా గాటు లేదన్నది ఒక్కటే వెలితి. అయితేనేం, ఆ అవ్వలాంటి వాళ్లు ఈ రోజుల్లో వైద్యానికి పోవాలంటే బస్సు చార్జీల కోసం చేబదులు అడగనక్కర్లేదు కదా.

అప్పుడప్పుడు యంత్రం మొరాయిస్తుంది. చార్జింగ్ అయిపోతుంది. అలాంటప్పుడు కండక్టర్లు సంచిలోంచి పాత కాగితం టికెట్ల కట్ట తీస్తారు. ఆ గరగర చప్పుడు నాకు ఈ సంచిలోంచే తెలుస్తుంది. చేతికి పంచ్ దొరక్క టికెట్ అంచును గోటితో చింపి ఇస్తుంటారు. నా దవడ కొంచెం వంగింది, నిజమే, నాలుగు సుత్తి దెబ్బలతో సరి చేయొచ్చు. పన్ను మాత్రం అరగలేదు. ఒక స్ప్రింగు, రెండు చుక్కల నూనె ఇప్పించండి. ఏ అంకె చెబితే ఆ అంకె మీద కొరుకుతాను.