కాటా

శనివారం రాత్రి భోజనాల వేళ పెద్దమేస్త్రిగారి ఫోన్ మోగిందంటే షికాగో నుంచి మనవడే. అక్కడ అప్పుడు పొద్దున.

ఆటోనగర్‌లో లారీ బాడీలకు చెక్కపని చేసినవాళ్లలో ఆయనది అందెవేసిన చెయ్యి. వంకర దుంగనైనా బాడిశతో నాలుగు దెబ్బలు వేసి క్యాబిన్ వంపులోకి తెచ్చేవారు. ఇప్పుడంతా ఇనుప రేకు, వెల్డింగు. చెక్కపని అడిగేవాళ్లు లేరు.

మనవడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవు దొరికితే చాలు, యూనియన్ అనే ఊళ్లో ఉన్న ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంకి పోతాడు. వందేళ్ల నాటి కరెంటు రైలుపెట్టెలను అక్కడ వాలంటీర్లే బాగుచేస్తారు. 1953లో పదిమంది మనిషికి వంద డాలర్లు వేసుకుని ఒక పెట్టె కొని మొదలుపెట్టారట. సరిగ్గా ఆ ఏడాదే మద్రాసులో కరెంటు ట్రాములు ఆగిపోయాయి. 1895 నుంచి తిరిగినవి!

"జీతం ఎంతిస్తార్రా?" అని మొదట్లో అడిగారు మేస్త్రిగారు.

"జీతమా? మేమే ఎదురు చందా కడతాం తాతయ్యా."

ఆ మాటతో ఆయనకు ఆ కుర్రాడి మీద గౌరవం పుట్టింది. పనిని అంతగా ప్రేమించేవాళ్లంటే నాకూ అంతే. అక్కణ్ణుంచి ఫోన్లోనే పాఠాలు. ఆ పెట్టెల పైకప్పు వంపు కర్రల మీద సన్నపలకలు పరిచి, పైన కాన్వాసు బిగలాగి రంగు వేస్తారు. నీళ్లు దిగితే ముందు చివికేది వంపు కర్రల చివరలే. ఎక్కడిదాకా కోసెయ్యాలో, అతుకు ఎంత వాలుగా వెయ్యాలో, గోరుతో నొక్కి గట్టి చెక్కను ఎలా పట్టుకోవాలో ఈయన చెప్పేవారు. కుర్రాడు కెమెరా దగ్గరికి పెట్టి చూపించేవాడు.

"చివికిన ముక్క కూడా పారెయ్యం తాతయ్యా. చీటీ కట్టి దాస్తాం. కొత్తది దాన్ని చూసే చెయ్యాలిగా" అన్నాడోసారి.

"మంచి పద్ధతి నాన్నా" అన్నారాయన. ఆ మాట మర్నాడు టీ కొట్టు దగ్గర మా అందరికీ చెప్పారు.

మొన్న శనివారం కుర్రాడి గొంతులో హుషారు. "తాతయ్యా, వంపు లోపలివైపు చెక్కాలి. ఇక్కడ కొన్న పనిముట్లు చేతికి కుదరట్లేదు. మీ బాడిశ పంపించరూ? కొరియర్ డబ్బులు నేను కడతా. పనయ్యాక దాన్ని అద్దాల పెట్టెలో పెట్టిస్తా, కింద మీ పేరు రాయించి."

మేస్త్రిగారు కాసేపు మాట్లాడలేదు.

"అది లేదు నాన్నా."

"అయ్యో, ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"లేదు నాన్నా. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు షెడ్డు ఖాళీ చేసి అద్దెకిద్దామన్నావుగా. ఈ తుప్పంతా ఎందుకు తాతయ్యా అని ట్రాలీ ఆటో మాట్లాడింది నువ్వే. బాడిశ ఆ మూటలోనే ఉంది. పాతినప కొట్లో కాటా దగ్గర నిలబడి, తూకం చూసుకుంది కూడా నువ్వే."