పదిహేను లీటర్ల ట్యాంకు, 365 కిలోమీటర్ల దారి

చెన్నై పరిసరాల్లోని ఫ్యాక్టరీలో పుట్టి హైదరాబాద్‌లో నంబరు ప్లేటు వేయించుకున్న ఒక హిమాలయన్ బైకు తన కథ తానే చెబుతోంది, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు.

ఈ బండి బరువు 199 కిలోలు. ఇంజిను 411 సీసీ. ఇంజిను అడుగుకీ నేలకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 17. ఈ మోడల్ 2016లో మార్కెట్లోకి వచ్చింది. 2023 చివర్లో 452 సీసీ కొత్త తరం రావడంతో పాతవాటి తయారీ ఆగిపోయింది. పేరు హిమాలయన్ అయినా ఈ బండి ఎక్కిన అతి పెద్ద ఎత్తు వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలే. ఇప్పుడు దాని యజమానురాలు గోడకి పెద్ద పటం అంటించి పెన్సిల్‌తో గీత గీసింది. హైదరాబాద్ నుంచి నాగపూర్, ఝాన్సీ, ఢిల్లీ, సిమ్లా, కిన్నౌర్, స్పితి మీదుగా లేహ్ దాకా.

ముందు తేలాల్సింది రైలు సంగతి. సికింద్రాబాద్‌లో పార్సిల్ చేస్తే ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా ఖాళీ చేసి, గోనెపట్టా చుట్టి, ఆర్సీ నకలు జతచేసి ఢిల్లీకి పంపిస్తారు. చాలామంది అలాగే చేస్తారు, సెలవులు మిగులుతాయి. ఆమె మాత్రం నడుపుకుంటూనే వెళ్దామంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద సామాను మోస్తూ వందల కిలోమీటర్లు పోతేనే ఏ సంచి జారుతుందో, ఏ నట్టు వదులవుతుందో తెలుస్తుంది. అది నాగపూర్‌లో తెలిస్తే పానా దొరుకుతుంది. స్పితిలో తెలిస్తే సాయానికి ఒక రోజంతా ఎదురుచూడాల్సి రావచ్చు. ఈ నిర్ణయం బండికి బాగా నచ్చింది.

పటం మీద కిలోమీటర్లు కూడితే ప్లాను అయిపోయిందనుకునేవాళ్లు ఎందరో. ఇలాంటి దారిలో లెక్క వేయాల్సింది ఎంత దూరమన్నది కాదు, ఎక్కడ ఏది దొరకదన్నది. అందులో మొదటిది పెట్రోలు. మనాలీ–లేహ్ దారిలో, కేలాంగ్‌కి కాస్త ముందు, చంద్రా భాగా నదులు కలిసేచోట తాండి అనే ఊరుంది. అక్కడి బంకు దగ్గర ఏళ్లుగా బైకర్లు ఫొటో దిగే బోర్డు ఒకటుంది: తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని. ఈ బండి ట్యాంకులో పట్టేది పదిహేను లీటర్లు. హైవే మీద లీటరుకి ముప్ఫై చొప్పున వేస్తే 450 వస్తుంది, దిగులే లేదు. కానీ బురదలో, కంకరలో, మొదటి రెండు గేర్లలో ఎక్కుతుంటే లీటరుకి ఇరవై నాలుగు వచ్చినా గొప్పే. అంటే 360. బోర్డు మీది అంకెకి ఐదు తక్కువ. అందుకే ఆమె ట్యాంకు పక్కన ఉన్న ఇనప ఫ్రేముకి ఐదు లీటర్ల క్యాను కట్టింది. రెండోవైపు బరువు సమానంగా ఉండాలని నీళ్ల క్యాను.

రెండోది గాలి. మనాలీ నుంచి తిన్నగా వెళ్తే రెండు వేల మీటర్ల ఎత్తు నుంచి రెండే రోజుల్లో 5,328 మీటర్ల తంగ్లాంగ్ లా ఎక్కేయాలి. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు సగమే. ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిను సెన్సర్లతో గాలి తగ్గడాన్ని గుర్తించి పెట్రోలు తగ్గించుకుంటుంది. బలం మూడో వంతుకి పైగా పోయినా ఆగకుండా నడుస్తుంది. మనిషి రక్తానికి అలా సర్దుకోవడానికి రోజులు కావాలి. తలనొప్పి, వాంతులు మొదలయ్యాక ఇంకా పైకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆమె సిమ్లా వైపు దారి ఎంచుకుంది. కిన్నౌర్ దాటి, క్రీ.శ. 996లో కట్టిన బౌద్ధ మఠం ఉన్న టాబో మీదుగా కాజా చేరేసరికి ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది, ఒళ్లు అలవాటు పడుతుంది.

మూడోది వేళ. కాజా నుంచి 4,551 మీటర్ల కుంజుం కనుమ దాటి బాతల్, ఛత్రూల మీదుగా, మనాలీ–లేహ్ దారిలో కలిసే గ్రాంఫూ దాకా ఉన్న దారే ఈ ప్రయాణంలో అసలు పరీక్ష. రాళ్ల మీద, వాగుల మధ్య పోవాలి. పొద్దెక్కేకొద్దీ ఎగువన మంచు కరిగి, మధ్యాహ్నానికి వాగులు ఉరకలేస్తాయి. పొద్దున్నే మోకాలి లోతు కూడా లేని వాగు సాయంత్రానికి బండిని పక్కకి తోసేయగలదు. కాబట్టి ఆ రోజు కాగితం మీద ఆమె దూరం రాయలేదు. తెల్లవారుజామునే బయల్దేరాలని మాత్రం రాసింది. జూలై, ఆగస్టుల్లో హిమాచల్‌లో కొండచరియలు విరిగిపడతాయి కనుక నెల సెప్టెంబరు. అప్పటికి వాగుల ఉరవడీ కొంత తగ్గుతుంది.

హైదరాబాద్ పుత్లీబౌలీ మెకానిక్ క్లచ్ కేబుల్ కొత్తది తెచ్చి, పాత కేబుల్ పక్కనే పరిచి టేపుతో కట్టేశాడు. దారిలో ఒకటి తెగితే రెండోదాని కొసలు తగిలించుకుంటే చాలు, ట్యాంకు విప్పే పని లేదు. ఇంత చక్కటి ఉపాయం మాన్యువల్లో ఎక్కడా ఉండదు. “అక్కా, ముందు చక్రం ట్యూబు గల్లీ పంక్చర్ షాపుల దొరకది. రెండు నీ దగ్గరనే పెట్టుకో” అన్నాడు. నిజమే, ఈ బండివి పుల్లల చక్రాలు, ట్యూబు టైర్లు. మేకు దిగితే టైరు విప్పాల్సిందే. ఆమె అపార్ట్‌మెంట్ సెల్లార్లో టైరు లివర్లతో చేతులు కొట్టుకుపోయేలా ఆ పని నేర్చుకుంది.

అనంతగిరి ఎర్రమట్టిలో ఆమె చేసిన సాధన మాత్రం నిజంగా మెచ్చుకోదగ్గది. బండిని కావాలనే పడుకోబెట్టేది. కుడివైపు పడితే సైడు స్టాండు ముందే దించి, గేరులో ఉంచి, వీపు సీటుకి ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని, కాళ్ల బలంతో వెనక్కి నడుస్తూ లేపేది. నడుం వంచి చేతులతో ఎత్తబోతే 199 కిలోలు కదలవు. అక్కడే కంకర దిగుడులో వెనక ఏబీఎస్ ఆపేసి చూసింది. ఈ మోడల్‌కి ఆ స్విచ్ 2020లో వచ్చింది. వెనక చక్రం కాస్త జారుతూ కంకరని తవ్వుకుంటుంది, బండి వేగం అదుపులోకి వస్తుంది.

ఫోను విషయం చిన్నదే గానీ మరిచిపోతే పెద్దదవుతుంది. లదాఖ్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు పనిచేయవు. ఆమె పోస్ట్‌పెయిడ్‌కి మారింది, పటాలన్నీ ఫోనులోకి దించుకుంది.

చివరికి మిగిలిన తగువు ఉమ్లింగ్ లా. సరిహద్దు రహదారుల సంస్థ 2021లో 19,024 అడుగుల ఎత్తున తారు వేసిన దారి అది. అంత దూరం వెళ్లి దాన్ని చూడకుండా ఎలా వస్తావని స్నేహితులంతా అడిగారు. లేహ్ నుంచి హాన్లే మీదుగా పోయి రావాలంటే విశ్రాంతి రోజులు రెండూ తినేయాలి. రాత్రంతా పటం ముందు కూర్చుని ఆమె ఆ పేరు కొట్టేసింది. విశ్రాంతికి రాసుకున్న రోజుల్లో ఒకటి కాజాకి, ఇంకొకటి కేలాంగ్ అవతలి జిస్పాకి ఖాయమయ్యాయి. సెప్టెంబరు మొదటి వారం నుంచి సెలవు మంజూరైంది. పుత్లీబౌలీ నుంచి రావాల్సిన చైన్ స్ప్రాకెట్ కిట్టు ఇంకా రాలేదు.