పాత పిలుపు పద్యం: టీకా తాత్పర్యం

మూలం

పాత పేరు మాని బాగైన పేరిడ
పాత పిలుపుకైన పలుకవలయు
ఎవరు పిలుతురనుచు నెఱుగంగ లేకున్న
తలుపు మూయబోకు తమ్ముడయ్య

ప్రతిపదార్థం

తమ్ముడయ్య = టీమ్‌లో చేరిన వారానికే ఇల్లంతా ఊడ్వ సంకల్పించిన ఓ నాయనా; పాత పేరు = పెట్టినవాడికే అర్థం గుర్తులేని హెల్పర్ ఫంక్షన్ నామధేయమును; మాని = రీఫాక్టరింగ్ అను మిషతో విడిచి; బాగైన పేరు = చేసే పని చెప్పే పేరును; ఇడ = పెట్టగా; పాత పిలుపుకైన = ఆ పాత పేరుతో కేక వేసినను; పలుకవలయు = బదులీయవలెను; ఎవరు పిలుతురు అనుచు = ఏ మూల నుంచి ఏ ప్రోగ్రాము పిలుచునో అని; ఎఱుగంగ లేకున్న = గ్రెప్ కొట్టినను తేలనిచో; తలుపు = పాత ఫంక్షనును; మూయబోకు = డిలీట్ చేయకుము.

తాత్పర్యం

కొత్త పేరు పెట్టుకో, కాదనం. పాత పేరుతోనూ ఒక ఫంక్షన్ ఉంచి, దాని పొట్టలో కొత్తదాన్ని పిలిచే ఒక్క లైను రాయి. పైన ‘డిప్రికేటెడ్’ అని బోర్డు కట్టు. ఆ ఒక్క లైనే ముఖం తెలియని అతిథులకు నువ్వు చేసే మర్యాద.

విశేషాలు

1. కవి ‘పలుకవలయు’ అన్నాడే గాని ‘సరిగా పలుకవలయు’ అనలేదు. పాత గొంతుతో, పాత నత్తితో పలకాలని భావం. జావాస్క్రిప్ట్‌లో గెట్‌ఇయర్ అనే పెద్దాయన ఏడాది అడిగితే 1900 తీసేసి మిగిలింది చెబుతాడు. 2000 రాగానే 100 అన్నాడు. ఆ జవాబు ముందు 19 అతికించే పేజీలు 19100 అని చూపాయి. గెట్‌ఫుల్‌ఇయర్ వచ్చి కుర్చీ ఎక్కాక పెద్దాయన్ని వెళ్లగొట్టలేదు, ప్రమాణ గ్రంథపు అనుబంధమనే అరుగు మీద కూర్చోబెట్టారు. 2025లో అడిగినా 125 అనే అన్నాడు. ఆయన నత్తి మాన్పితే, ఆ జవాబుకు 1900 కలుపుకుని బతికే ప్రోగ్రాములు 3925లో తేలతాయి.

2. ‘ఎఱుగంగ లేకున్న’: దీనికి వ్యాఖ్యాత స్వానుభవమే ప్రమాణం. తేదీ ముద్రించే ఒక హెల్పర్‌ను, రిపాజిటరీ అంతా గాలించి, పిలిచేవాళ్లు సున్నా అని తేల్చుకుని తీసేశాను. ఆ రాత్రి రెండింటికి ఫోను. పక్క టీమ్ రాత్రిపూట నడిపే జాబ్ ఒకటి, రెండు ముక్కలు అతికించి అప్పటికప్పుడు ఆ పేరు తయారుచేసుకుని పిలుస్తోందట. రెండు ముక్కలుగా ఉన్న పేరు గ్రెప్‌కు ఎలా దొరుకుతుంది?

3. ఆక్షేపం: అయితే తలుపు ఎన్నటికీ మూయరాదా? సమాధానం: దొంగ దూరే తలుపు మూయవలసినదే. సీ భాషలో గెట్స్ అనే ఫంక్షన్ లోపల చోటెంతో చూడకుండా వచ్చినదంతా కుమ్మరించేది. 1988లో మోరిస్ వర్మ్ అనే దొంగ ప్రోగ్రాము కంప్యూటర్లలోకి దూరిన సందుల్లో అదొకటి. ప్రమాణం నుంచి దాన్ని తొలగించింది 2011లో. దొంగ వచ్చి వెళ్లిన 23 ఏళ్లకు గడియ పడింది. మూయక తప్పని తలుపుకే అంత జాగు జరిగితే, తమ్ముడూ, నీకు శుక్రవారం సాయంత్రమే ఎందుకంత తొందర?

4. వ్యాకరణం: ‘పిలుపుకైన’ వ్యావహారికం. ‘పిలుపునకును’ అంటే వ్యాకరణం నిలుస్తుంది, గణమూ చెడదు. అయినా దిద్దడం లేదు. ఈ పాఠాన్నే కంఠస్థం చేసినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో మనకేం తెలుసు?

ఫలశ్రుతి

డిలీట్ నొక్కే ముందు ఈ పద్యం ముమ్మారు చదివినవారికి రాత్రి రెండింటికి ఫోను రాదు. వచ్చినా, అది రాంగ్ నంబరై ఉంటుంది.