ఒక్క అక్షరం తేడా

మాదాపూర్‌లో ఒక కంపెనీ పెద్దవాళ్ల కోసం ఆండ్రాయిడ్ యాప్ తయారు చేసింది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో గుర్తుచేసే యాప్. సోమవారం విడుదల. శుక్రవారం సాయంత్రం డైరెక్టరుగారు తన ఫోన్‌లో తెరిచి చూశారు. 'మాత్ర వేసుకున్నాను' అనే బటన్ మీద మాటలు రెండు వరుసలుగా విరిగాయి. కింది వరుసలో నకార వత్తు సగానికి తెగిపోయింది.

ఇంకెవరి ఫోన్‌లోనూ ఈ తేడా లేదు. టీమ్‌లో చిన్నవాడైన కుర్రాడు కారణం పట్టుకున్నాడు. డైరెక్టరుగారు సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు బాగా పెంచుకున్నారు.

ఆండ్రాయిడ్‌లో బటన్లకూ బొమ్మలకూ వాడే కొలత డీపీ. అంగుళానికి 160 చుక్కలున్న తెర మీద ఒక డీపీ అంటే ఒక చుక్క, 480 ఉంటే మూడు. ఏ ఫోన్‌లో చూసినా బటన్ దాదాపు ఒకే సైజులో ఉండాలని ఈ ఏర్పాటు. అక్షరాల కొలత ఎస్పీ. ఇదీ అంతే, కాకపోతే ఫోన్ వాడే మనిషి సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకుంటే ఎస్పీ కూడా దాంతోపాటు పెరుగుతుంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో 200 శాతం దాకా పెంచుకోవచ్చు. చూపు తగ్గినవాళ్లకు ఎస్పీ చేసే మేలు చిన్నది కాదు.

ఈ యాప్‌లో బటన్ ఎత్తు 48 డీపీ అని బిగించి రాశారు. అక్షరాలు పెరిగాయి, పెట్టె పెరగలేదు. అక్షరాలతోపాటు పెట్టె కూడా పెరిగేలా రాస్తే సరిపోతుంది. కానీ అందుకు ప్రతి స్క్రీనూ మళ్లీ సర్దాలి. అంత టైము లేదు. కుర్రాడు ఎస్పీ అని ఉన్న చోటల్లా డీపీ అని మార్చేశాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది.

కొత్త వెర్షన్ వేసి ఫోన్ డైరెక్టరుగారికి ఇచ్చాడు. బటన్ మీద మాటలు ఒకే వరుసలో కుదురుగా ఉన్నాయి. వత్తు తెగలేదు.

"ఇప్పుడు బ్రహ్మాండంగా ఉందయ్యా. సోమవారం వదిలేద్దాం" అన్నారు.

ఆ తర్వాత ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు. మళ్లీ దూరంగా పెట్టి చూశారు. చివరికి కుర్రాడి చేతికే ఇచ్చారు.

"పైన ఏదో రాసుంది. కాస్త చదివిపెట్టు బాబూ."

కుర్రాడు చదివాడు.

"కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు. ఈ యాప్ మీ కోసమే."