బెంగళూరు టూలెట్ బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం

టూలెట్. థర్డ్ ఫ్లోర్, సింగిల్ రూమ్.
కావేరి ప్లస్ బోరు. వెజ్ ఓన్లీ.
బాడిగె 12,000. అడ్వాన్సు పది నెలలు.
బ్యాచిలర్స్ ఓకే. టూవీలర్ పార్కింగ్ ఉంది.

అవతారిక

బెంగళూరులో మారతహళ్ళి, మహదేవపుర, కె.ఆర్.పురం వీధుల్లో గేట్లకు వేలాడే ప్రతులు అనేకం. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసినవి కొన్ని, రేకు మీద పెయింటు వేసినవి కొన్ని, వానకు తడిసి ఫోన్ నంబరు సగమే మిగిలినవి కొన్ని. వాటిని సరిచూసి, ఒకదాని లోపం ఇంకొకదానితో పూడ్చి సిద్ధం చేసిన పరిష్కృత ప్రతి ఇది. బాడిగె అంకె ప్రతి గేటుకూ మారుతుంది. దానికింద ఉన్న పది నెలల మాట మాత్రం అంత తొందరగా మారదు.

ఈ కావ్యానికి నాయకుడు చిత్తూరు సీమ పిల్లోడు. ఇంజనీరింగు అయింది, చేతిలో ఆఫర్ లెటరుంది, సంచిలో వాళ్ళమ్మ కట్టిన ఊరిబిండి డబ్బా ఉంది. వాడిది ఏ ఊరన్న దగ్గర వ్యాఖ్యాతలకు పొత్తు కుదరలేదు. తిరుపతి కొర్లగుంట అని కొందరు, పీలేరు అని కొందరు, గంగాధర నెల్లూరు అని ఇంకొందరు. వాణ్ణే అడిగితే "తిరుపతి" అంటాడు. పలమనేరు వాడూ పుంగనూరు వాడూ పొలిమేర దాటినాక ఇదే మాట చెబుతారు కాబట్టి, ఈ ఒక్క సాక్ష్యంతో ఊరు తేల్చలేము.

తిరుపతిలో రాత్రి బస్సెక్కితే చిత్తూరు, మొగిలి ఘాటు, పలమనేరు, నంగలి, ముళబాగిలు, కోలారు, హొసకోటె. సుమారు 250 కిలోమీటర్లు. తెల్లారకముందే టిన్ ఫ్యాక్టరీ దగ్గర దించేస్తారు. మహానగరం ఈ వైపు నుంచే మొదట తగులుతుంది గనుక మనవాడు గది వెతికేదీ ఈ వైపే. వైట్‌ఫీల్డు కంపెనీలు దగ్గరని పైకి చెబుతాడు. శుక్రవారం సాయంత్రం ఊరి బస్సు ఆగే చోటుకు నడిచిపోగలిగినంత దూరంలో ఉండాలన్నది లోపలి మాట.

టీక

బాడిగె. బోర్డులో నాయకుడికి మొదట అర్థమయ్యే పదం ఇదే. కోస్తావాళ్ళు అద్దె అంటారు, తెలంగాణలో కిరాయి అంటారు, రాయలసీమలో బాడుగ. కన్నడంలో బాడిగె, తమిళంలో వాడగై. పక్కసీటులో ఉన్న విజయవాడ మిత్రుడు ఈ మాటకు ఫోన్‌లో అర్థం వెతుక్కుంటుంటే చిత్తూరు వాడు అప్పటికే గేటు తీసి లోపలికి పోతాడు. మూడు రాష్ట్రాల కూడలిలో పుట్టినందుకు దక్కిన లాభం ఏమంటే, డబ్బులు పోయే మాట మూడు భాషల్లోనూ ముందే తెలిసి ఉండడం.

అయితే దగ్గరి మాటలతోనే అసలు చిక్కు. పొద్దున ఓనరమ్మ "తిండి ఆయ్తా?" అని అడుగుతుంది. తెలుగులో తిండి అంటే తినేదంతా తిండే; కన్నడంలో పొద్దుటి టిఫిను. మధ్యాహ్నం "ఊట ఆయ్తా?" అంటుంది. మనవాడికి ఊట అంటే చెలమలో ఊరే నీళ్ళు. కరువు సీమలో పుట్టినవాడు కావడంతో, నీళ్ళ గురించి ఇంత దయగా అడిగేవాళ్ళు ఉంటారా అని ఒక్క క్షణం పొంగిపోయి, ఆ తరువాత అది భోజనమని తెలుసుకుంటాడు.

కావేరి. తలకావేరిలో పుట్టిన నది బెంగళూరు గుండా పారదు. వంద కిలోమీటర్ల దూరం నుంచి, వందల మీటర్ల ఎత్తుకు మోటార్లతో తోడి తెస్తారు. 2024 వేసవిలో నగరం నీళ్ళకు అల్లాడింది. అదే ఏడాది అక్టోబరు 16న కావేరి అయిదో దశ మొదలై, రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా వచ్చే ఏర్పాటైంది. అందువల్ల బోర్డు మీద "కావేరి" అన్నది నది పేరు కాదు, ఇంటి కులగోత్రం. "ప్లస్ బోరు" అన్నదాన్ని కొందరు పాదపూరణం అనుకుంటారు. నాయకుడు అనుకోడు. వెయ్యి అడుగులు వేయించినా దుమ్ము తప్ప రాని బోర్లను చూసి పెరిగినవాడు, అందుకే "ఎన్ని అడుగులు సార్?" అని అడుగుతాడు. ఇంతవరకూ ఏ బ్యాచిలరూ ఆ ప్రశ్న వేయలేదేమో, ఓనరు మొదటిసారి వాణ్ణి నిదానంగా చూస్తాడు.

వెజ్ ఓన్లీ. ఇక్కడ శంక: గుడ్డు ఏ వర్గం? పూర్వపక్షం వారు గుడ్డును అసలు అంగీకరించరు. ఉత్తరపక్షం వారు వాసనను ప్రమాణంగా తీసుకున్నారు. ఉడకబెట్టిన గుడ్డు తలుపు దాటి పోదు గనుక వెజ్జు. ఆమ్లెట్టు మెట్లు దిగి ఓనరు వాకిలి దాకా పోతుంది గనుక కాదు. ఆచరణలో రెండో మతమే నిలిచింది. నాటుకోడి సంగతి ఆదివారం ఏదో ఒక ఆంధ్రా హోటల్లో తేలుతుంది.

సంగటికి ఏ మతంలోనూ నిషేధం లేదు. ఓనరింట్లో కూడా రాగి ముద్దే. కాకపోతే వాళ్ళది పిండితో చేసేది, మనది బియ్యమో నూకలో ఉడికించి అందులో పిండి పోసేది. అమ్మకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టి నాయకుడు మొదటిసారి సంగటికి దిగిన రాత్రి ఇలా జరిగింది. నూకలు మెత్తగా ఉడికినాయి. పిండి కుప్పగా పోసి, "కలబెట్టొద్దు, నడిమిన బొక్క పెట్టి మూత పెట్టు నాయనా" అన్న మాట ప్రకారం ఆగినాడు. తరువాత గెలకాలి. ఇంట్లో అయితే గిన్నె కింద పెట్టి, గుడ్డతో అదిమి పట్టుకొని తెడ్డు తిప్పుతారు. ఇక్కడ ఇండక్షన్ స్టవ్ నున్నగా ఉంది. తెడ్డు ఎటు తిరిగితే గిన్నె అటే తిరిగింది. తెడ్డు కూడా తెడ్డు కాదు, దోసె తిప్పే చెక్క గరిటె. చివరికి గిన్నెను నేల మీద తడి టవలు మీద పెట్టి, ఇంకో టవలుతో అంచు పట్టుకొని పని ముగించినాడు. ముద్ద గుండ్రంగా రాలేదు. నడుమ రెండు చోట్ల పొడి పిండి ఉండలు తగిలినాయి. "ఎట్లుంది?" అని అవతలి నుంచి అడిగితే "బాగుండాది" అన్నాడు. ఊరిబిండి వల్ల అది అబద్ధం కాకుండా పోయింది.

అడ్వాన్సు పది నెలలు. అంటే లక్షా ఇరవై వేలు. అలంకారం అతిశయోక్తి అని తోస్తుంది గానీ, నగర సంప్రదాయంలో ఇది స్వభావోక్తే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అడ్వాన్సు మించకూడదంటుంది. నమూనా అన్న విశేషణాన్ని గమనించాలి. రాష్ట్రం తనదిగా చట్టం చేసుకుంటే తప్ప ఆ రెండు నెలలు గేటు దాటి లోపలికి రావు. ఈ పాదంలో ఇంకొక అధ్యాహారం ఉంది. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకు ఒక నెల పట్టుకొనబడును" అన్న వాక్యం బోర్డులో ఉండదు; అన్వయంలో తెచ్చి కలుపుకోవాలి. కలుపుకోని వాళ్ళకు ఆఖరి రోజున అర్థమవుతుంది.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకన్నది ప్రతి నాయకుడికీ వచ్చే సందేహం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. దానికి రిజిస్ట్రేషన్ ఫీజు, ఆఫీసు చుట్టూ తిరగడం. పదకొండు నెలలయితే ఆ బాధ లేదు. మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథ సూరి మెదకు సీమ వాడు, తెలుగువాడు. ఆయన చేతికి ఈ బోర్డు చిక్కి ఉంటే తప్పకుండా ఇక్కడ ఆగేవాడు. ఎందుకంటే కాళిదాసు యక్షుడు కూడా ఉద్యోగం వల్ల ఊరు విడిచినవాడే, వాడి గడువూ ఏడాదే. శాపం ఒక్కరోజు పొడిగించి ఉంటే రామగిరిలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వెతుక్కోవాల్సి వచ్చేది. అడ్వాన్సు కట్టినట్టు మాత్రం ఎక్కడా లేదు, అదృష్టవంతుడు.

టూవీలర్ పార్కింగ్. నాయకుడి బండి ఏపీ 03. ఏపీలో 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 నంబరు మొదలవడంతో, 03 అంటే పాత చిత్తూరు జిల్లా బండి అనీ, 2019కి ముందుదనీ లిపిశాస్త్రం తెలిసినవాళ్ళు చెప్పగలరు. బహుశా నాన్న నడిపినది. కర్ణాటకలో ట్రాఫిక్ పోలీసుకు ఈ కాలనిర్ణయంతో పనిలేదు; మొదటి రెండక్షరాలు చాలు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంకొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకునే బండికి ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీవో దగ్గర నిరభ్యంతర పత్రం, కొత్త చోట పన్ను. పదకొండు నెలల అగ్రిమెంటు మీద పన్నెండు నెలల నిబంధన వచ్చి పడడం కవి చమత్కారమో యాదృచ్ఛికమో చెప్పలేము. మనవాడు పదకొండో నెలలో రెండింటి గురించీ ఒకేసారి ఆలోచించి, రెండింటినీ వాయిదా వేస్తాడు.

ప్రసక్తానుప్రసక్తం

రాష్ట్రం మారడానికి బస్సెక్కాలన్న నియమం చిత్తూరు సీమలో ఎప్పుడూ లేదు. 1911లో ఏర్పడిన ఈ జిల్లా మదరాసు ప్రెసిడెన్సీలో పుట్టి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. సరిహద్దుల మీద పటాస్కర్ నివేదిక తరువాత 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మదరాసు రాష్ట్రానికి పోయింది. ముందురోజు రాత్రి ఆంధ్రప్రదేశ్‌లో పడుకున్నవాళ్ళు, మంచం కదలకుండా, ఇంకొక రాష్ట్రంలో లేచినారు. వాళ్ళకు పెయింటింగుకు కోత పడలేదు.

ధ్వని

బోర్డులో రాయనిది, అన్నిటికన్నా ముందు అడిగేది ఒకటుంది: "యావ ఊరు?"

నాయకుడు రెండు రోజులుగా కూడబలుక్కున్న కన్నడంలో మొదలుపెడతాడు. "నాను సార్... తిరుపతి... కంపెనీనల్లి కెలస..." మూడో వాక్యం నడుమ ఓనరు చెయ్యెత్తుతాడు. "తెలుగులోనే చెప్పప్పా. మాది శ్రీనివాసపురం."

కోలారు జిల్లాలో శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు ఇళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. యాస వింటే మదనపల్లె సంతలో నిలబడినట్టుంటుంది. రెండు వైపులా మామిడి తోటలే కాబట్టి, తరువాత పదినిమిషాలు బాడిగె గురించి గాక తోతాపురి ధర గురించి గడిచిపోతాయి. ఆ పైన అసలు ధ్వని బయటపడుతుంది.

"తిరుపతి అంటివి కదా. పోయి వచ్చినప్పుడు లడ్డు తెస్తావా?"

ఊరి పేరులో పాఠాంతరానికి కారణం ఇదే. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లడ్డు కొండ మీద యాభై రూపాయలు. బెంగళూరు మెట్ల మీద దాని విలువ వేరు. పీలేరు అంటే ఓనరు "అది ఎక్కడ?" అంటాడు. తిరుపతి అంటే "కూర్చో" అంటాడు. అడ్వాన్సులో ఒక నెల తగ్గించిన ఓనర్లు ఉన్నారనీ, అయితే వాళ్ళు ఆ తరువాత మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు కూడా అడిగారనీ మారతహళ్ళి పీజీల్లో చెప్పుకుంటారు. ఆ టికెట్లు ఆన్‌లైన్‌లో నెలల ముందు విడుదలవుతాయి, క్షణాల్లో అయిపోతాయి, తిరుపతిలో పుట్టినవాడికి ప్రత్యేకమైన మీట ఏదీ ఉండదు. ఈ నిజాన్ని నాయకుడు ఎంత వివరించినా ఎవరూ నమ్మరు.

తాత్పర్యం

నాయకుడు డబ్బు కట్టినాడు, గది చేరినాడు. గ్యాసు కనెక్షను మారింది, బ్యాంకులో చిరునామా మారింది. ఓటు మారలేదు. మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు ఉండాలని 1950 నాటి చట్టం. ఇల్లు మారితే ఫారం 8 నింపాలి. అయినా 2024 మే 13న ఏపీలో పోలింగ్ అంటే బెంగళూరు నుంచి వచ్చే బస్సుల్లో సీటు దొరకలేదు.

ఇక మిగిలింది ఆధార్. ఒక ఆదివారం అద్దె అగ్రిమెంటు స్కాన్ చేసి, సైటు తెరిచి, కొత్త చిరునామా టైపు చేస్తుండగా ఫోన్ మోగింది. నాయకుడి ఊరి విషయంలో తిరుపతి కొర్లగుంట పాఠమే సరైనదని ఆ ఫోనులో వచ్చిన మాటతో తేలిపోయింది. 2024 డిసెంబరు నుంచి నెలలో మొదటి మంగళవారం తిరుపతి, తిరుమల, చంద్రగిరి, రేణిగుంట స్థానికులకు తితిదే దర్శనం కల్పిస్తోంది. స్థానికుడన్న దానికి ఆధార్ మీది చిరునామాయే రుజువు.

"ఏం చేస్తా ఉండావు నాయనా?"

"ఆధార్‌లో అడ్రసు మారుస్తా ఉండామ్మా. ఆఫీసులో అడుగుతా ఉండారు."

"మార్చేస్తివా?"

"ఇంకా లేదు."

"మార్చబాకు. వచ్చే నెల మొదటి మంగళారం అవ్వను కొండకు పిలుచుకొని పోవాల. నువ్వు లేకపోతే యెవురు పోతారు? అట్నే మీ ఓనరుకు కూడా లడ్డు తీసుకొని పోదువు గాని."